ముగింపు గల ఆటలు

ఆటకు ముగింపు ఉండటం పూర్వం ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం కాదు. వామనగుంటలలో గింజలు ఒకరి వైపు చేరిపోగానే ఆట పూర్తయ్యేది. పులిజూదంలో పులులకు కదిలే దారి మూసుకుపోయేది. వైకుంఠపాళిలో ఎవరో ఒకరు పై గడిని చేరేవారు. చేరకపోయినా దీపాలు పెట్టే వేళ అయ్యేది. పటాన్ని చుట్టి గూటిలో పెట్టడం కూడా ఆటలో ఒక భాగంగానే ఉండేది. నేడు అరచేతి తెరపై ఆడే ఆటలలో అనేకం ఈ లక్షణాన్ని విడిచిపెట్టాయి. అవి ఎన్ని నెలలు ఆడినా పూర్తికావు. పూర్తికాకుండా ఉండేటట్లే వాటిని నిర్మించారు. కావున జూనియర్ కళాశాల విద్యార్థి ఒక ఆటను ఎంచుకొనేటప్పుడు బొమ్మల సొగసును, ఆడేవారి సంఖ్యను చూడటానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవలసి ఉంది. ఈ ఆట తనను లేవనిస్తుందా?

వీడియో ఆటలు మంచివా, చెడ్డవా అన్న చర్చ చాలాకాలంగా సాగుతున్నది. పూర్వం చలనచిత్రాలపై ‘లాభనష్టాలు’ అనే శీర్షికతో వ్యాసాలు రాయించినట్లే ఇప్పుడు ఈ ఆటలపైనా రాయిస్తున్నారు. ఆ చర్చ వలన విద్యార్థికి ఒరిగేది స్వల్పం. పుస్తకాలు మంచివా, చెడ్డవా అని ఎవరూ అడగరు. ఏ పుస్తకం చదవాలని అడుగుతారు. ఆటల విషయంలోనూ స్నేహితులు ఒకరినొకరు అడిగేది ఈ రెండవ ప్రశ్ననే. పెద్దలు దానిని పట్టించుకోకపోవడం చేత సమాధానం చెప్పే బాధ్యత ప్రకటనల పాలైంది.

ఎంపికకు ముందు పరికరాన్ని గురించి కొంత ఆలోచించడం అవసరం. ఫోను ఎల్లవేళలా చేతికి అందుబాటులో ఉంటుంది. బస్సులో, భోజనాల వేళ, నిద్రకు ముందు కూడా దానిపై ఆడవచ్చు. అదే దాని సౌకర్యం, అదే దాని ప్రమాదం. కంప్యూటరు ఒకచోట కదలక ఉంటుంది. దాని ముందు కూర్చోవాలని నిర్ణయించుకుంటే తప్ప ఆట మొదలుకాదు. ఇక టీవీకి తగిలించి ఆడే కన్సోలు ఖరీదైనది. ప్లేస్టేషన్ 5 భారతదేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అంత సొమ్ము పెట్టి కొనే ఇళ్లు తక్కువ. అయితే అది ఇంటిల్లిపాదీ కూర్చునే గదిలో ఉంటుంది గనుక ఎవరు ఏమి ఆడుతున్నారో అందరికీ తెలుస్తుంది. తెలుగునాట అధిక సంఖ్యాకులైన విద్యార్థులకు అందేది ఫోను ఒక్కటే. అది కూడా తరచుగా తండ్రిదో, అక్కదో అయి ఉంటుంది. వసతి గృహాలలో చదివేవారికైతే దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడే చేతికి వస్తుంది. అందుచేత ఫోనుతోనే మొదలుపెట్టడం సమంజసం.

ఫోనులోని ఆటలలో అధికభాగం ఉచితం. ఉచితంగా ఇచ్చినవారు ఏ విధంగా సంపాదిస్తున్నారన్నది తెలుసుకోదగిన విషయం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో ఆడేవారికి 5 ప్రాణాలుంటాయి. ఒక అంకంలో ఓడిపోతే ఒక ప్రాణం పోతుంది. అది తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. అయిదూ పోయినవారు వేచి ఉండాలి, లేదా స్నేహితులను అడగాలి, కాకుంటే డబ్బు చెల్లించాలి. పైపైన చూస్తే ఇది ఆటగానికి విశ్రాంతిని ఇచ్చే ఏర్పాటుగా కనిపిస్తుంది. వాస్తవానికి ఆ అరగంట విశ్రాంతి కాదు. మనస్సు ఎదురుచూపులో చిక్కుకొని ఉంటుంది. పుస్తకం తెరిచి కూర్చున్నా దృష్టి గడియారం వైపే పోతుంది. ఇటువంటి ఆటలు వినియోగదారుని నుండి గ్రహించేది అతడు ఆడే కాలాన్ని మాత్రమే కాదు, ఆడని కాలాన్ని కూడా.

మరికొన్ని ఆటలలో మూసిన పెట్టెలను అమ్ముతారు. లోపల ఏమున్నదో తెలియకుండానే కొనాలి. అరుదైన ఆయుధం రావచ్చు, పనికిరాని రంగు చొక్కా రావచ్చు. 2018లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం కొన్ని ప్రసిద్ధ ఆటలలోని ఇటువంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని నిర్ణయించింది. తిరునాళ్లలో సంఖ్యల చక్రం తిప్పించేవాని పద్ధతి తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు. ఇక నేరుగా డబ్బు పందెంగా పెట్టే ఆటల మాట వేరు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నేర్పుపై ఆధారపడినవైనా, అదృష్టంపై ఆధారపడినవైనా వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. వాటిని ఆటలుగా లెక్కించి సిఫారసుల చర్చలోకి తేవడమే తగదు.

వెల చెల్లించి కొనే ఆట అంటే తెలుగు ఇళ్లలో వింతగా చూస్తారు. ఉచితంగా వేలకొద్దీ దొరుకుతుండగా కొనడమెందుకని అడుగుతారు. ఇది తెలుగువారికే పరిమితమైన ధోరణి కాదు. 2014లో లండన్‌కు చెందిన అస్ట్వో సంస్థ మాన్యుమెంట్ వ్యాలీ అనే ఆటను విడుదల చేసింది. ఎషర్ అనే డచ్చి చిత్రకారుడు గీసిన అసాధ్యమైన కట్టడాల స్ఫూర్తితో దానిని రూపొందించారు. ఆకాశంలో తేలే గోపురాలను వేలితో త్రిప్పుతూ, ఇడా అనే చిన్నారి రాకుమారి నడిచేందుకు దారి కల్పించాలి. దూరంగా ఉన్నట్లు కనిపించిన మెట్టు ఒక కోణం నుండి చూస్తే దగ్గరి గోడకు అతుక్కుంటుంది. పది అధ్యాయాలు, సుమారు రెండు గంటలు, అంతే. అందరూ మెచ్చుకున్న ఆ ఆటకు అదే సంవత్సరం మరికొన్ని అధ్యాయాలు చేర్చి, వాటికి రెండు డాలర్ల లోపు వెల పెట్టినప్పుడు, డబ్బు అడుగుతున్నారన్న కోపంతో కొందరు దానికి ఒక్క నక్షత్రం మాత్రమే ఇచ్చారు. రెండు గంటల అచ్చమైన ఆనందానికి ఒక సినిమా టిక్కెట్టు పాటి వెల న్యాయమైనదే. ముందుగా వెల తీసుకున్నవారికి ఆటగాణ్ణి పట్టి ఉంచవలసిన అగత్యం లేదు. కావుననే ఆ ఆట రెండు గంటలలో ముగియగలిగింది.

పైసా ఖర్చు లేకుండా ఆడదగినవి లేవా అంటే, ఉన్నాయి. వాటిలో అగ్రస్థానం చదరంగానిది. లీచెస్ అనే వేదిక 2010 నుండి ప్రకటనలు లేకుండా, విరాళాల ఆధారంతో ఉచితంగా నడుస్తున్నది. ఫోనుపై ఆడినా, కంప్యూటరుపై ఆడినా, చెక్క బల్లపై ఆడినా చదరంగం చదరంగమే. 64 గడులూ అవే, గుర్రం నడకా అదే. పరికరం మారితే ఆట మారని గుణం దీనికి ఉన్నంతగా మరి దేనికీ లేదు. పది నిమిషాల గడియారం పెట్టుకుంటే ఒక్కొక్కరికి పది నిమిషాలే. ఇరవై నిమిషాలలో ఎవరి గెలుపో తేలిపోతుంది. ఓడిన ఆటను మొదటి నుండి తిరిగి చూసి తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవచ్చు. ఈ చివరి పనిని చేసేవారు తక్కువ, చేసినవారే ఎదుగుతారు.

ఈ ఆట తెలుగువారికి పరాయిది కాదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ల వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలను గెలిచింది. మొదటి విజయానికి ముందు ఆమె తల్లి అయి, కొంతకాలం పోటీలకు దూరంగా ఉండి తిరిగి వచ్చిందన్న సంగతి గమనింపదగినది. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటాడు. భారతీయులలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ మెట్టు ఎక్కినవాడు అతడే. ఇంటర్మీడియట్ విద్యార్థి అందరివలె గ్రాండ్‌మాస్టర్ కావాలని ఎవరూ కోరరు. పక్క జిల్లావారు ఆడిన ఆటను ఎత్తు ఎత్తుగా చూసి అర్థం చేసుకోవచ్చునన్నదే ఇక్కడి విశేషం.

రోజుకు ఒక్కసారే ఆడనిచ్చే ఆట కూడా ఒకటి ఉంది. జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన జీవిత భాగస్వామి కోసం వర్డిల్ అనే పదాల ఆటను తయారుచేసి 2021లో అందరికీ అందుబాటులో ఉంచాడు. అయిదు అక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఆరు ప్రయత్నాలలో కనుగొనాలి. తరువాతి పదం రేపే. 2021 నవంబరు 1న దానిని ఆడినవారు 90 మంది; 2022 జనవరి 2న 3 లక్షల మందికి పైగా. ఆ నెలలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక దానిని కొనుగోలు చేసింది. ఆటగాణ్ణి పట్టి ఉంచకపోతే ఆట నిలవదని వాదించేవారికి ఇంతకు మించిన సమాధానం దొరకడం కష్టం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి దీని వలన ఇంగ్లీషు పదాల కూర్పుతో పరిచయం కలుగుతుందన్నది అదనపు లాభం.

టెట్రిస్‌ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ దానిని రచించాడు. అతని వద్ద ఉన్న యంత్రం బొమ్మలను చూపలేదు. అందుచేత కుండలీకరణ చిహ్నాలతోనే దిమ్మెలను గీశాడు. నాలుగేసి చదరాలతో ఏర్పడే ఏడు ఆకారాలు పైనుండి రాలుతుంటాయి; వాటిని సందులు లేకుండా పేర్చాలి. ఇందులో గెలుపు లేదు, ఎంతసేపు నిలిచామన్నదే లెక్క. 2023 డిసెంబరులో 13 ఏళ్ల అమెరికన్ బాలుడు దీని 1989 నాటి నింటెండో రూపాన్ని ఆడుతూ ఆడుతూ యంత్రమే స్తంభించిపోయే స్థితికి చేరాడు. మనిషి అంతవరకు వెళ్లడం అదే మొదటిసారి. మిగిలినవారికి మాత్రం ఒక్కొక్క ఆట కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ‘మరొక్కసారి’ అనిపించే గుణం దీనిలో బలంగా ఉన్నందువలన పరీక్షల ముందు దీనిని సిఫారసు చేయడం సాహసమే.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒంటరిగానో, ఇద్దరుగానో ఆడేవి. విద్యార్థులలో ఎక్కువమంది ఆడుతున్నది వీటిని కాదన్న ఆక్షేపణ రావచ్చు. అది న్యాయమైనదే. వందమంది ఒక ద్వీపంలో దిగి, చివరకు ఒక్కరో ఒక్క జట్టో మిగిలే పబ్‌జీ తరహా పోరాటపు ఆటలదే వారిలో పైచేయి. పబ్‌జీ మొబైల్‌ను భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ అనే మరో పేరుతో తిరిగి వచ్చింది. ఈ ఆటలలో నేర్పు లేదనడం అజ్ఞానం. చోటును చదవడం, జట్టుతో మాట్లాడటం, క్షణంలో నిర్ణయించడం కావాలి. వేర్వేరు కళాశాలలకు చెదిరిపోయిన పాత మిత్రులు రాత్రి వేళ ఒకచోట కలుసుకునేది కూడా అక్కడే. ఆ స్నేహాన్ని తేలికగా చూడరాదు. అయితే ఒక్కొక్క పోరు అరగంట వరకు సాగుతుంది, మధ్యలో ఆపే వీలు లేదు, లేచిపోతే జట్టు నష్టపోతుంది. తల్లి అన్నానికి పిలిచినప్పుడు కుమారుడు పలకకపోవడానికి కారణం అవిధేయత మాత్రమే కాదు. ముగ్గురు మిత్రులు అతనిపై ఆధారపడి ఉన్నారు. ఇల్లు ఈ సంగతిని గ్రహించి, ఎన్ని గంటలు అన్న లెక్క విడిచి ఎన్ని పోరులు అన్న లెక్కతో ఒప్పందం చేసుకుంటే కలహం తగ్గుతుంది. ఆ ఆట తిరిగి వచ్చిన నాటి నిబంధనలు 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటల కాలాన్ని, 7,000 రూపాయల ఖర్చును హద్దుగా పెట్టాయి. ఒక రోజుకు ఏడువేలు! వ్యాపారి గీసిన హద్దు మధ్యతరగతి ఇంటికి హద్దు కాజాలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనానికి చోటు కల్పించింది. ఆడటంపై అదుపు తప్పడం, ఇతర పనులన్నింటి కంటే ఆటకే ప్రాధాన్యం పెరగడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా పన్నెండు నెలల పాటు కనిపించినప్పుడే ఆ పేరు పెట్టాలని అది చెప్పింది. సెలవులలో రెండు రోజులు విపరీతంగా ఆడిన పిల్లవాణ్ణి రోగి అనడం సరికాదు.

కంప్యూటరు అందుబాటులో ఉన్నవారికి రెండు ఆటలను సూచించవచ్చు. మొదటిదైన మైన్‌క్రాఫ్ట్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్వీడన్‌లో పుట్టి 2011లో పూర్తిరూపంలో వెలువడిన ఈ ఆట 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. దిమ్మెలతో ఏదైనా కట్టవచ్చు. రెడ్‌స్టోన్ అనే ఎర్రని పొడితో విద్యుత్ వలయాల వంటివి అల్లి, భౌతికశాస్త్ర పుస్తకంలోని తర్క ద్వారాలను పనిచేయించి చూడవచ్చు. 2017 నుండి ఫోనులో ఆడేవారు, కంప్యూటరులో ఆడేవారు ఒకే లోకంలో కలిసే వీలు కూడా ఏర్పడింది.

రెండవదైన స్టార్‌డ్యూ వ్యాలీ రైతుబిడ్డలకు ప్రత్యేక ఆసక్తి కలిగించగలదు. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ యువకుడు బొమ్మలు, సంగీతం, కథ, గణన సూత్రాలు అన్నీ తానొక్కడే సమకూర్చుకొని, సుమారు నాలుగున్నర ఏళ్లు శ్రమించి 2016లో దీనిని విడుదల చేశాడు. తరువాత ఇది ఫోనులకూ వచ్చింది. పట్నపు ఉద్యోగం విడిచి తాత ఇచ్చిన పొలానికి చేరిన మనిషి కథ ఇది. రాళ్లు ఏరాలి, దుక్కి చేయాలి, విత్తాలి, ప్రతిదినం నీరు పోయాలి. ఋతువుకు 28 రోజులు. ఋతువు మారితే ఆ ఋతువు పంట ఎండిపోతుంది. ఇంతవరకు సేద్యమే. ఆ తరువాతనే తేడా కనిపిస్తుంది. పండిన పంటను పెట్టెలో వేస్తే మరునాటి ఉదయానికి సొమ్ము చేతికి వస్తుంది. దళారి లేడు, తరుగు లేదు, తూకంలో మోసం లేదు, విత్తనాల అప్పు లేదు. టమాటా ధర ఒకనాడు పలికి మరునాడు పడిపోదు. మదనపల్లె మార్కెట్టు ముఖం చూసినవారికి నవ్వు రావచ్చు. అయినా ఆట చేసిన పనిని తక్కువ చేయరాదు. నగరంలో పుట్టి మడి ముఖం చూడని విద్యార్థికి నీరు పోయని ఒక్క రోజు విలువ తెలుస్తుంది. పల్లెలో పుట్టినవానికి తన ఇంటి సేద్యానికీ ఈ కలల సేద్యానికీ మధ్య ఉన్న దూరం స్పష్టమవుతుంది. లేవనిచ్చే గుణం విషయంలో మాత్రం దీనికి పూర్తి మార్కులు వేయలేము. ఆటలోని ఒక పగలు సుమారు పద్నాలుగు నిమిషాలు. పాత్ర నిద్రపోయినప్పుడే ఆట భద్రమవుతుందన్నది మొదటి నుండి దీని నియమం. అందువలన అర్ధరాత్రి దాటాక కూడా ‘ఇంకొక్క రోజు’ అనుకొనేవారు చాలామంది.

కన్సోలు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2012 నాటి జర్నీలో ఒక్క మాట కూడా లేదు. ఎడారిలో ఒక కొండ శిఖరం వైపు నడవాలి. దారిలో ప్రపంచంలో ఎక్కడి నుండో ఆడుతున్న ఒక అపరిచితుడు తోడు కావచ్చు. అతని పేరు తెలియదు, మాటాడే వీలు లేదు. రెండు గంటలకు శిఖరం చేరతారు. దీనిని తరువాత కంప్యూటరుకు కూడా తెచ్చారు. పూణే యువకులు 2020లో విడుదల చేసిన రాజీలో తప్పిపోయిన తమ్ముణ్ణి వెదికే బాలిక కథను నీడబొమ్మలతో చెబుతారు. పోరాటం కొంత మొరటుగా ఉన్నా, తోలుబొమ్మలాట చూసినవారికి ఆ నీడలు ఇంటివిగా తోస్తాయి.

చివరిగా పేర్కొనవలసినది 2023లో కెనడా నుండి వచ్చిన వెణ్బా. కంప్యూటరుపైన, కన్సోళ్లపైన ఇది లభిస్తుంది. పేరు ప్రాచీన తమిళ ఛందస్సులోని ఒక పద్యరీతిది; ఆటలో అది ఒక తల్లి పేరు. 1980ల చివర భర్తతో కలిసి కెనడా చేరిన ఆమెకు కవిన్ అనే కుమారుడు పుడతాడు. అతడు బడికి వెళ్లిన కొద్దీ తమిళానికి దూరమవుతాడు. తల్లి మాటకు ఇంగ్లీషులో జవాబిస్తాడు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ కథను వివరించనక్కరలేదు. సెలవులకు వచ్చిన మేనత్త పిల్లలతో మాటాడబోయిన ఇక్కడి విద్యార్థికీ అక్కరలేదు. ఈ ఆటలో ఆయుధాలు లేవు, అంకాల మీద అంకాలు లేవు. ఉన్నది వంట. తన తల్లి వద్ద నుండి తెచ్చుకున్న వంటల పుస్తకం పాతబడి చినిగిపోయింది. కొన్ని పంక్తులు చెరిగిపోయాయి. ఇడ్లీ పాత్రలో రేకులను ఏ విధంగా అమర్చితే ఆవిరి అన్నింటికీ అందుతుందో ఆటగాడు ఊహించి పేర్చాలి. తెలుగింటి వంటగదిలో పెరిగినవారు ఈ చిక్కును ఒక్క క్షణంలో విప్పుతారు. విప్పలేనివారు లేచి వెళ్లి అమ్మను అడగవచ్చు. మొత్తం ఆట ఒక సాయంకాలంలో పూర్తవుతుంది.